మంచులో పక్షివేట – మాటలేని సాక్షి

వేటను గూర్చిన వ్రాతలు మన పత్రికలో విమర్శింపదగినవి కావని కొందఱు చదువరులు తలంపవచ్చును. జీవహింస కూడదని నమ్మువారికి వేటకథలతో నేమి పని యనియు, ఎండదేశమున బ్రదుకు మనకు మంచుదేశపు వినోదములతో నేమి పని యనియు వారడుగుదురు. ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. అయినను ఒక జాతివారు తమ వినోదమును గూర్చి యెట్లు వ్రాసికొందురో దానినిబట్టి వారి మనస్సు తెలియును. పనిలో మనుష్యుడు లోకమునకు వెఱచి నడుచుకొనును. వినోదములో తన స్వభావము ననుసరించి నడుచుకొనును. అందులోను, నీరు గడ్డకట్టు చలిలో కుక్కను వెంటబెట్టుకొని పక్షులకై తిరుగు వేట ఒక కఠినమైన పరీక్ష. అచ్చట ఒకే చలిలో మూడు ప్రాణులున్నవి: మనుష్యుడు, కుక్క, పక్షి. వ్రాయువాడు మాత్ర మొక్కడే. ఆ యొక్కడు మిగిలిన రెంటినిగూర్చి యేమి చెప్పెను, ఏమి దాచెను అనునదియే మే మిచ్చట విచారింపబూనిన విషయము.

మొదట ఈ వేట యెట్టిదో చెప్పవలసియున్నది. నీటిపక్షులను గాక, గడ్డిబీళ్ళలోను పొదలలోను అడవియంచులలోను నేలమీద మేయు పక్షులను వెదకి, అవి లేచినపుడు కొట్టుట దీని పద్ధతి. మన కౌజుపిట్టకును పూరేటికిని దాయాదులని చెప్పదగిన గ్రౌస్ జాతులును, పొడుగుతోకయు మెఱయు మెడయు గల ఫెజంటును ఇందులో ముఖ్యములు. ఫెజంటు అమెరికాకు పుట్టుపక్షి కాదు. షాంఘైనగరమున అమెరికా కాన్సలుగా నుండిన ఓవెన్ డెన్నీ 1880వ దశాబ్దపు తొలియేండ్లలో చైనానుండి ఒరెగాన్ రాష్ట్రమునకు పంపిన పక్షులు అచ్చట నిలద్రొక్కుకొన్నవి. తరువాత అది మైదానరాష్ట్రములకు వ్యాపించెను. దక్షిణ డకోటాలో 1919వ సంవత్సరమున మొదటిసారి దీనిని వేటాడుటకు ఒక్క దినము మాత్రము అనుమతి యిచ్చిరి. 1943లో దానినే రాష్ట్రపక్షిగా ప్రకటించిరి. ఇప్పుడచ్చట వేటకాలము అక్టోబరు మూడవ శనివారమున మొదలై, 2020లో చేసిన మార్పువలన జనవరి 31 వఱకు సాగును. ఒక్కొక్కరు దినమునకు మూడు పుంజులను కొట్టవచ్చును, పెట్టలను కొట్టరాదు.

జనవరినాటి కా మైదానములలో ఫారన్‌హీటు లెక్కలో సున్నకు దిగువ 20 డిగ్రీల చలి వింత కాదు. సెంటిగ్రేడు లెక్కలో అది సున్నకు దిగువ 29. దానికి గాలి తోడైనచో కప్పుకొనని చర్మము కొన్ని నిమిషములలోనే గడ్డకట్టి చచ్చుబడును. తుపాకిలోని నూనె చిక్కబడి యంత్రము మందగించును. చేతితొడుగు విప్పినచో వ్రేళ్ళు పనిచేయవు. విప్పనిచో మీట తగలదు. ఇట్టి దినమున వేటగాడు ప్రధానముగా ఆధారపడునది కుక్కమీదనే. కుక్కల పని మూడు విధములు. పాయింటరు, సెట్టరు జాతులు వాసన పట్టి పక్షి యున్న దిక్కునకు మోము త్రిప్పి కొయ్యబొమ్మవలె నిలిచిపోవును. స్పానియలు పొదలలో జొఱబడి పక్షిని లేపును. రిట్రీవరు పడిన పక్షిని పంటిగాటు తగులకుండ నోట గఱచి తెచ్చియిచ్చును. మనుష్యుడు చేయునది కొంచెమే: నడచుట, చూచుట, కాల్చుట.

ఆ చలిలో కుక్క కేమగునో తెలియక ఈ సాహిత్యమునందలి మంచిచెడ్డలు నిర్ణయింపరాదు. వాసన యనునది వస్తువునుండి లేచి గాలిలో గలియు సూక్ష్మకణముల వలన గలుగును. చలి హెచ్చినకొలది ఆ కణములు తక్కువగా లేచును. శరత్కాలపు తేమ యుదయమున దూరమునుండియే పక్షిని పసిగట్టు కుక్క, పొడిచలిలో దానిమీద కాలు మోపువఱకు నెఱుగకపోవచ్చును. అది కుక్క తప్పు కాదు. కాని తిట్లు దానికే. పొడుగువెండ్రుకల కుక్కకు కాలివ్రేళ్ళనడుమ మంచు కరగి, మరల గడ్డకట్టి, ఉండలుగా నిలిచి, అడుగు వేసినపు డెల్ల గ్రుచ్చుకొనును. పైపొర కరగి గట్టిపడిన మంచు గాజుపెంకువలె అరికాళ్ళను గోయును. చెవుల యంచులును తోకకొనయు ముందుగా గడ్డకట్టును. పరుగులోని ఆయాసముచే ఒడలినీరు ఊపిరితో పోవును; చుట్టును మంచే యున్నను త్రాగ నీరుండదు; మంచు దినినచో ఒడలివేడి తఱుగును. ఆ వేడిని నిలుపుకొనుటకే దానికి మామూలుకంటె హెచ్చు ఆహారము, అందును క్రొవ్వుగల యాహారము, కావలయును. మడుగుమీది పలుచని మంచుపలక విఱిగి నీటబడినచో, తడిసిన యొడలిని గాలి మిక్కిలి వేగముగా చల్లార్చును. ఆరోగ్యముగల కుక్క ఒడలివేడి 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వఱకు నుండును. అది తగ్గసాగినపుడు మొదట వణకు పుట్టును. వణకు నిలిచి తూలుట మొదలైనచో చలి తీఱినదని సంతోషింపరాదు; ప్రాణాపాయము దగ్గఱపడెనని యెఱుగవలెను. ఇంత యైనను మంచి వేటకుక్క, ఆగుమని చెప్పువఱకు ఆగదు. దాని సుగుణమే దానికి ముప్పు.

పక్షుల సంగతియు నిట్టిదే. రఫ్డ్ గ్రౌస్ అను అడవిపక్షికి చలికాలము రాకముందే కాలివ్రేళ్ళ కిరుప్రక్కల దువ్వెనపండ్లవంటి పొలుసులు మొలచును, వసంతమున రాలిపోవును. మెత్తని మంచు లోతుగా పడినపుడు అది యెగురుచు వచ్చి మంచులోనికి దూకి, లోపల చిన్న గూడువలె తొలిచికొని రాత్రి గడపును. పైన గాలి కోయుచున్నను లోపల చలి అంత తీవ్రముగా నుండదు. ఆస్పెన్ చెట్లమీది మొగ్గలను కొద్దిసేపటిలో కడుపునిండ దిని, వెంటనే దాగి, శక్తిని వ్యర్థము చేయకుండుటయే దాని శీతకాలపు నేర్పు. ఫెజంటున కీ విద్య అంతగా రాదు. అది మడుగులలోని జమ్ముదుబ్బులలోను, గాలి కడ్డముగా రైతులు నాటిన చెట్లవరుసలలోను గుంపుగూడి తలదాచుకొనును. మంచుతుపానులో ముక్కుపుటములు పూడి ఊపిరాడక చచ్చుటయు గలదు. వేటగాడు కుక్కతో ఆ జమ్ములోనికి దిగినపుడు పుంజులు మాత్రమే లేవవు. కొట్టగూడని పెట్టలును లేచి, గాలి కడ్డులేని బయలునకు పోవలసివచ్చును. చట్టము పెట్టను గుండునుండి కాపాడినది గాని, చలినుండి కాపాడలేదు.

ఇక వ్రాతలకు వత్తము. ఋతువు చివరి వేటను గూర్చి వేటపత్రికలలో వచ్చు వ్యాసములు పెక్కులు ఒకే మూసలో పోసినట్లుండును. మొదటి పేరాలో ఉష్ణమాపకము, రెండవదానిలో గడ్డముమీది మంచు, పిదప వేడికాఫీ, తక్కినవారు పొయ్యిచెంత నుండగా తాను మాత్రము బయలుదేఱితినను తృప్తి, కడపట మంచుమీద పఱచిన పక్షులతో ఛాయాచిత్రము. చలి యిందులో రచయిత ధైర్యమును గొలుచు కొలబద్ద యైనది. కుక్కను పొగడకుండ నే వ్యాసమును ముగియదు. కాని ఆ పొగడ్త యెట్టిది? దాని పాదములనుండి కారిన రక్తము మంచుమీద గనబడినచో, అది కుక్క పౌరుషమునకు గుఱుతుగా వర్ణింపబడును. అది యజమానుని యజాగ్రత్తకు గుఱుతని వ్రాయువానికి తోపదు. ఆ పత్రికలలోనే వేఱొక మూల, చిన్న యక్షరములలో, కుక్కపాదములకు తొడుగు బూటులను గూర్చియు, వ్రేళ్ళనడుమ వెండ్రుకలు కత్తిరించుటను గూర్చియు, వేటనడుమ ఇయ్యవలసిన నీటినిగూర్చియు వ్రాయుదురు. ఆ చిన్నపుట మాకు పెద్దవ్యాసముకంటె సాహిత్యమునకు దగ్గఱగా తోచినది. అందులో రచయిత తననుగాక మఱియొక ప్రాణిని జూచుచున్నాడు.

ఇంకొక విశేషము. పక్షివేటను వ్రాసిన మహారచయితలు ఘోరమైన చలి వాకిటనే తఱచుగా ఆగిపోయిరి. రష్యారచయిత తుర్గేనెవ్ 1852లో ప్రకటించిన ‘ఒక వేటగాని చిత్రములు’ అని తెలుగున చెప్పదగిన గ్రంథములో వసంతమును, వేసవియు, శరత్తును నిండియున్నవి. కడపటిదగు ‘అడవియు మైదానమును’ అను రచనలో మంచుగుట్టలమీద నడచుటను, చుఱుకైన చలిగాలిని పీల్చుటను గూర్చి అతడు కొద్దిమాటలు మాత్రము చెప్పి సాగిపోయెను. అదియు కుందేళ్ళవేట, పక్షులవేట కాదు. టాల్‌స్టాయి ‘అన్నా కరేనినా’లో వర్ణించిన వేట బురదనేలలలోనిది, వెచ్చని దినములలోనిది. అమెరికాకు చెందిన ఆల్డో లియోపోల్డు గ్రౌస్‌వేటను వ్రాసిన పుటలు అక్టోబరు మాసపువి; ఆకులు బంగారువన్నె తిరుగు కాలమువి. వేటలోని ఆనందమును నిజముగా చెప్పగలవారు ఆనందముండు ఋతువులనే యెన్నుకొనిరి. ఘోరమైన చలిలో ఆనందము తక్కువ, పట్టుదల హెచ్చు. పట్టుదలను పొగడుట సులభము, దాని వెల యెవరిచ్చిరో చెప్పుట కష్టము. కావున చలివేటను తూచుటకు, చలిని గాకపోయినను చలి యెవరిమీద పడుచున్నదో చూచిన ఆ రచయితలనే మనము తక్కెడగా చేసికొనవలసియున్నది.

వారిలో మొదట తుర్గేనెవ్‌ను తీసికొందము. ‘యెర్మొలాయి, మిల్లువాని భార్య’ అను కథ 1847లో వెలువడినది. యెర్మొలాయి ఒక భూస్వామికి చెందిన దాసుడు, వేటగాడు. నెలకు రెండుజతల గ్రౌస్‌లును కౌజులును యజమానుని వంటయింటికి తెచ్చియిచ్చుట అతనికి విధింపబడిన పని. మిగిలిన యోగక్షేమముల ఊసు యజమానునకు లేదు. వేసవియైనను శీతకాలమైనను అతని కొక్కటే పలుచని నూలుకోటు. అతనికి వాలెత్కా అను కుక్క కలదు. అతడు దాని కెన్నడును తిండి పెట్టడు. కుక్క తెలివిగల జంతువు, తన తిండి తానే సంపాదించుకొనునని అతని వాదము. ఇంట భార్య కలదు. ఆమె పాడుపడిన గుడిసెలో ఆకలితో నుండును. అతడు వారమున కొకమాఱు వచ్చి కఠినముగా మాటలాడి పోవును.

ఈ వరుసను చదువరులు నిదానించి చూడవలెను. యజమానుడు వేటగానిపై చలిని త్రోసెను. వేటగాడు దానిని తన భార్యమీదికిని కుక్కమీదికిని త్రోసెను. పైవాడు క్రిందివానికి జీత మీయకుండుటకు చెప్పు సాకును, క్రిందివాడు కుక్కకు తిండి పెట్టకుండుటకు చెప్పు సాకును ఒక్కటియే: వాడు తెలివిగలవాడు, ఎట్లో బ్రదుకును. తుర్గేనె విచ్చట ఉపన్యాస మీయలేదు, ఎవరిని నిందింపలేదు, నవ్వుచునే చెప్పెను. కాని ఆ కథలోనే, పెండ్లి చేసికొనుటకు సెలవడిగిన నేరమునకు తల కత్తిరింపబడి పల్లెకు తఱుమబడిన అరీనా అను దాసిని మన యెదుట నిలిపెను. పక్షులకై వచ్చిన రచయిత మనుష్యులను జూచెను. ఆ గ్రంథము వెలువడిన తొమ్మిదేండ్లకు, 1861లో, రష్యాలో వ్యవసాయదాస్యము రద్దయ్యెను. ఆ సంస్కరణకు కారణములు పెక్కు. అయినను ఆ దాసులను మనుష్యులుగా చదువుకొన్నవారి కన్నులయెదుట నిలిపిన గ్రంథములలో నిది ముఖ్యమైనది. వేటకథకు అంతటి శక్తి యుండుటకు కారణము, అందలి తుపాకి కాదు. క్రిందివానిని జూచిన చూపు.

టాల్‌స్టాయి మఱియొక అడుగు ముందుకు వేసెను. ‘అన్నా కరేనినా’లోని వేటఘట్టమున లాస్కా అను కుక్క మనస్సులోనికి అతడు చొచ్చెను. అది వాసన పట్టి పక్షి యెచ్చట నున్నదో యెఱుగును. యజమానుడగు లేవిన్ తనకు దోచిన వేఱొక చోటు చూపి అక్కడ వెదకుమనును. అచ్చట పక్షి లేదని యెఱిగియు లాస్కా అతని మనస్సు నొవ్వకుండుటకై కొంతసేపు అచ్చట తిరిగి, మరల తన వాసనను పట్టుకొనును. ఈ చిన్నసన్నివేశమున టాల్‌స్టాయి ఒక గొప్పసత్యమును చెప్పెను. ఎఱిగినవాడు సేవకుడు, ఆజ్ఞాపించువాడు ఎఱుగనివాడు. విధేయత యెప్పుడును అజ్ఞానము కాదు. కొన్నిమాఱులు అది అజ్ఞానిమీది దయ. బురదనేలలో ఇట్టి పొరపాటునకు వెల కొంతసేపటి శ్రమ మాత్రమే. సున్నకు దిగువ 20 డిగ్రీలలో, పలుచని మంచుపలకమీదికి పొమ్మని చేయిచూపినపుడు, దాని వెల ప్రాణము. టాల్‌స్టాయి తరువాతి కాలమున వేటను పూర్తిగా విడిచెననుటయు నిచ్చట స్మరింపదగియున్నది. లాస్కా మనస్సులోనికి ఒకమాఱు చొచ్చినవాడు అట్లు విడుచుట మాకు వింతగా తోపదు.

లియోపోల్డు వేటను విడువలేదు. అందుచేతనే అతని సాక్ష్యమునకు వేఱు విలువ గలదు. అతడు 1887లో అయోవా రాష్ట్రమున జన్మించెను. 1933లో వేటజంతువుల పరిపాలనను గూర్చి శాస్త్రగ్రంథము ప్రకటించి, ఆ సంవత్సరమే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1948 ఏప్రిల్‌లో పొరుగువాని పొలమున గడ్డి యంటుకొనగా ఆర్పబోయి మరణించెను. అతని ప్రసిద్ధగ్రంథము ‘శాండ్ కౌంటీ పంచాంగము’ మఱుసటియేట వెలువడినది. అక్టోబరు భాగమున గ్రౌస్‌వేటను జెప్పుచు, పక్షులను గూర్చి తాను నేర్చుకొనవలసిన దింకను చాలగలదని తన కుక్క తలంచుచున్నదనియు, తాను వృత్తిచే ప్రకృతిశాస్త్రజ్ఞుడు గావున ఆ యభిప్రాయము నంగీకరింతుననియు అర్థము వచ్చునట్లు వ్రాసెను. ఇది హాస్యమే, కాని ఆచార్యుడు శిష్యుని స్థానమున గూర్చుండుట హాస్యమున గూడ అందఱికి సాధ్యము కాదు.

ఆ గ్రంథమునందే డిసెంబరు భాగమున ఒక చిన్నపక్షి కథ గలదు. చికడీ యను పిచ్చుకంత పిట్టకు కాలికి సంఖ్యగల కడియము వేసి అతడు విడిచెను. దాని సంఖ్య 65290. అది యైదు శీతకాలములు బ్రదికి, ఆఱవ శీతకాలమున మరల కనబడలేదు. గుప్పెడు గింజలంత బరువులేని ప్రాణి అన్ని చలికాలముల నెట్లు దాటెనని అతడు విచారించెను. చలిగాలి వీచు చోట్లకు పోకుండుటయే అట్టి పిట్టకు జీవనధర్మమని అతడు గ్రహించెను. వేటగాడే యయ్యు, చలి ఒక చిన్నప్రాణికి ఎట్టి లెక్కయో ఆ లెక్కను అతడు వేసిచూచెను. మఱియొక వ్యాసమున అతడు చెప్పిన సంగతి ఈ విమర్శకు మూలకందము. తక్కిన యాటలకు చూచువారుందురు. చప్పట్లు కొట్టుటకు గాని ఛీకొట్టుటకు గాని మనుష్యులుందురు. వేటగానికి ప్రేక్షకులు లేరు. అతని నడతకు అతని యంతరాత్మయే న్యాయాధిపతి.

ఈ మాటకు మేమొక చిన్న సవరణ చేయదలచితిమి. వేటగానికి ప్రేక్షకులు లేకపోలేదు; కుక్క యున్నది. అది సమస్తమును జూచును. ఏ పక్షి గాయపడి పొదలో దాగగా వెదకక విడిచిరో అది యెఱుగును. ఎన్నడు తిరిగిపోవలసియుండగా మఱియొక మడుగు చూతమని సాగిరో అది యెఱుగును. కాని దానికి మాట లేదు. ఆ రాత్రి పొయ్యిచెంత కథ చెప్పువాడు యజమానుడే. అందుచే చలివేటను వ్రాయువాడు కథకుడు మాత్రమే కాడు. మాటలేని సాక్షికి నోరిచ్చువాడు. ఆ ధర్మము నెఱవేర్చినచో అతని వ్రాత సాహిత్యము. నెఱవేర్పనిచో ఎంత మంచు కురిసినను అది యాత్మస్తుతి.

వేటగాండ్ర పక్షమున జెప్పవలసిన మాటలును గలవు. చెప్పకుండుట న్యాయము కాదు. అమెరికాలో 1937వ సంవత్సరపు పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టము ననుసరించి తుపాకులమీదను మందుగుండుమీదను వసూలగు పన్ను వన్యప్రాణుల రక్షణకై రాష్ట్రములకు పంచిపెట్టబడుచున్నది. గడ్డిబీళ్ళును మడుగులును దున్నబడక నిలుచుటకు వేటగాండ్ర ధనమును పట్టుదలయు చాల తోడ్పడినవి. ఒక పుంజు పెక్కు పెట్టలతో గూడు జాతి గావున, కొన్ని పుంజులు పోయినంతమాత్రమున సంతతి తఱుగదనుటయు శాస్త్రసమ్మతమే. పొలమే లేకపోయినచో పక్షియే లేదు. నాగలిచే పోయిన గూళ్ళను ఎవరును లెక్కింపరు. అంగడిలో కోసి తెచ్చిన కోడిని దినుచు, మంచులో పదిమైళ్ళు నడచి యొక పుంజును గొట్టినవానిని హింసకుడనుట మనకు శోభింపదు. కాని ఈ వాదములన్నియు పక్షిజాతిని గూర్చినవి. మా ప్రశ్న యొక దినమును గూర్చినది: ఈ దినము, ఈ చలిలో, ఈ కుక్క, ఈ పొదలోని యీ పక్షి. జాతికి మేలు చేసితినని చెప్పి వ్యక్తికి చేసిన కీడును కప్పుకొనుట వేటగాండ్రకు మాత్రమే గల దోషము కాదు.

కావున ఇట్టి వ్రాత చేతికి వచ్చినపుడు మూడు ప్రశ్నలు వేయవలసినదిగా చదువరులను కోరుచున్నాము. మొదటిది: ఇందులో చలిని ఎవరు భరించిరి? రచయిత తన గడ్డము నొక పేరాలోను, కుక్క పాదముల నొక వాక్యములోను చెప్పియుండిన, తక్కెడ యెటు మొగ్గినదో తెలియును. రెండవది: ఇందులో వెనుదిరిగిన ఘట్టము గలదా? పక్షులున్నవని యెఱిగియు, కుక్క తూలుచున్నదని గాని, జమ్ములో పెట్టలే హెచ్చుగ నున్నవని గాని, తుపాకి దించి యింటికి మరలినవాని కథను మేము నూఱు పక్షులను గొట్టినవాని కథకంటె శ్రద్ధగా చదువుదుము. మూడవది: ఇంటికి వచ్చిన పిదప మొదట ఎవరికి వేడి దొరకెను? కుక్క యొడలు తుడిచి, పాదములు చూచి, గోరువెచ్చని నీరు పెట్టి, తిండి పెట్టిన పిదప తన కాఫీ త్రాగినవాడు వేటగాండ్రలో పెద్దమనుష్యుడు. ఆ యొక్కవాక్యము లేక ముగిసిన వ్యాసము అసంపూర్ణము.

మనకు మంచు పరాయిది గాని, ఈ ధర్మము పరాయిది కాదు. నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వపు తొలికథలలోనే ఒక కుక్క ఫిర్యాదు గలదు. నేరము లేని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టగా, సరమ జనమేజయుని కడకు వచ్చి, తగవు విచారింపక బలహీనులకు కీడుచేయువారికి తలంపని యాపదలు వచ్చునని హెచ్చరించి పోయెను. భారతకథ చివర మరల ఒక కుక్క గలదు. హిమాలయమున ద్రౌపదియు తమ్ములును ఒక్కొక్కరే పడిపోగా, మంచుదారిలో ధర్మరాజును కడవఱకు వెన్నంటినది కుక్క. స్వర్గద్వారమున దానిని విడిచి రమ్మనగా అతడు ఒప్పుకొనలేదు. నన్ను నమ్మి వచ్చినదానిని విడిచి నాకు సుఖము వలదనుట అతని భావము. మంచులో వెంటవచ్చిన కుక్కను గూర్చిన వ్రాతలలో ఇంతకంటె పెద్దపరీక్ష మేమెఱుగము. దక్షిణ డకోటా మైదానమునందైనను ప్రశ్న యదియే: కడపట లోపలికి ఎవరితో పోయితివి?

ఇది చదివి వేటగాండ్రమీద తీర్పు చెప్పి పుస్తకము మూయుట సులభము. అట్లు మూయవలదు. పుష్యమాసపు తెల్లవాఱుజామున దుప్పటి కప్పుకొని, చలి యెంత హాయిగా నున్నదని మన మనుకొనునప్పుడు, పెరటిలో చన్నీళ్ళతో అంట్లు తోముచున్న చేతులు ఎవరివి? యెర్మొలాయి యజమానునివలె మనమును, వాండ్రకు అలవాటే, ఎట్లో బ్రదుకుదురు అను మాట నెన్నిమాఱులు పలుకలేదు? చలిని మెచ్చుకొనుటకు ముందు, ఆ చలి నిప్పుడు మన బదులు భరించుచున్నవా రెవరో చూచుట మంచివాడగు వేటగానికి మొదటి పాఠము. గృహస్థునకును అదియే.